లోతైన ఖనిజ బోరు దారి తప్పకుండా వేయడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ నుంచి డ్రిల్లింగ్ క్యాంపులకు వెళ్లే డ్రిల్లర్లు, హెల్పర్లు, కొత్తగా ఫీల్డ్‌లో అడుగుపెట్టిన జియాలజిస్టులు, ఆంధ్రా యూనివర్సిటీలో భూవిజ్ఞానం చదివే పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. 2023లో గనుల చట్టాన్ని సవరించి, లోతున దొరికే ఖనిజాలకూ కీలక ఖనిజాలకూ విడిగా ఎక్స్‌ప్లోరేషన్ లైసెన్స్ తెచ్చారు. అప్పటినుంచి 500 మీటర్లు దాటే బోర్ల గురించి అడిగేవాళ్లు పెరిగారు.

ముందే ఒక మాట. వంగని బోరు లేదు. ఎటు వంగుతోందో 30 మీటర్ల దగ్గర తెలిస్తే రిగ్గు దగ్గరే సరిచేసుకోవచ్చు. 400 మీటర్ల దగ్గర తెలిస్తే వెడ్జ్ (బిట్‌ని పక్కకు తిప్పే ఉక్కు కడ్డీ) దించాలి, లేదంటే ఆ బోరు వదులుకోవాలి. కింద రాసిందంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఊళ్లో నీళ్ల బోరు వేసే రిగ్గుతో ఇది వేయకూడదా?

కుదరదు. నీళ్ల బోరులో గాలి సుత్తి రాయిని పొడి చేసి పైకి ఊదేస్తుంది. అది కాస్త వంకర పోయినా నీళ్లు పడితే చాలు. మనకు కావలసింది రాతి కడ్డీ, అంటే కోర్. దానికి వజ్రాల బిట్ (రాయిని కోసే మొన) బిగించిన వైర్‌లైన్ రిగ్గు, అంటే కోర్‌ని తీగతో పైకి లాగే రిగ్గు కావాలి. బోరు సైజుల్లో పెద్దది పీక్యూ, తర్వాత హెచ్‌క్యూ, ఆపైన ఎన్‌క్యూ. సాధారణంగా పైన పీక్యూ లేదా హెచ్‌క్యూతో మొదలుపెట్టి, లోపలికి పోయేకొద్దీ ఎన్‌క్యూకి దిగుతారు. హెచ్‌క్యూ కోర్ మందం 63.5 మి.మీ., ఎన్‌క్యూ కోర్ 47.6 మి.మీ.

అసలు బోరు ఎందుకు వంగుతుంది?

మూడు కారణాలు కలిసి పనిచేస్తాయి.

మొదటిది రాయి. మెత్తటి పొర, గట్టి పొర మార్చి మార్చి వచ్చే రాతిలో బిట్ ఒక అంచు మెత్తదాన్ని త్వరగా కోస్తుంది, రెండో అంచు గట్టిదాని మీద ఆగుతుంది. దాంతో బిట్ మొహం కొద్దిగా తిరుగుతుంది. స్థూలంగా చెప్పాలంటే, పొరను 30 డిగ్రీలకు మించిన కోణంలో కోస్తున్నప్పుడు బోరు ఆ పొరకు నిట్టనిలువుగా ఉండే దిశకు తిరుగుతుంది. కోణం 15, 20 డిగ్రీల కంటే తక్కువైతే పొర వెంటే జారిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్నప్పుడు ఎటు పోతుందో ముందుగా చెప్పడం కష్టం. అక్కడ కొలతలు దగ్గర దగ్గరగా తీసుకోవాలి.

రెండోది తిరుగుడు. పైనుంచి చూస్తే రాడ్లు (బిట్‌ని తిప్పే ఉక్కు గొట్టాలు) గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. వాలుగా పోయే బోరులో రాడ్లు కింది గోడ మీద ఆనుకుని తిరుగుతూ కుడివైపు పాకే ప్రయత్నం చేస్తాయి. అందుకే రాయి ప్రభావం మరీ బలంగా లేని చోట్ల బోరు కుడికి తిరగడమే ఎక్కువ.

మూడోది ఖాళీ. ఎన్‌క్యూ బోరు వ్యాసం 75.7 మి.మీ., కోర్‌ని పట్టే కోర్ బ్యారెల్ బయటి గొట్టం 73 మి.మీ. అంటే మొత్తం 2.7 మి.మీ. సందు. 3 మీటర్ల బ్యారెల్ ఆ సందులో ఓ మూల నుంచి ఇంకో మూలకు ఒరిగితే వచ్చే వాలు 0.05 డిగ్రీ. చిన్నదే. కానీ ప్రతి 3 మీటర్లకూ అదే వైపు పడుతూ పోతే 300 మీటర్లకు 5 డిగ్రీలవుతుంది. గొట్టం అరిగి 72 మి.మీ.కి వస్తే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

మన తూర్పు కనుమల రాళ్లలో ఎటు పోతుంది?

కైలాసగిరి ఎక్కే రోడ్డు పక్కన తవ్విన గట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. ఎండకూ వానకూ ఎర్రగా మాగిన ఖొండలైట్ రాతిలో చారలు కనిపిస్తాయి. అవే ఫోలియేషన్. బిట్‌కి వాటితోనే పని.

తూర్పు కనుమల్లో ఈ చారలు చాలా చోట్ల ఈశాన్యం నుంచి నైరుతికి సాగి, ఆగ్నేయం వైపు వాలి ఉంటాయి. వాటిని అడ్డంగా కోయాలని బోరును వాయవ్యం వైపు 60 డిగ్రీల వాలుతో (అడ్డగీత నుంచి కిందికి కొలిచిన కోణం) పెట్టారనుకుందాం. చారల వాలు కూడా 60 డిగ్రీలే అనుకుందాం. అప్పుడు బోరు చారలను 60 డిగ్రీల కోణంలో తాకుతుంది. చారలకు నిట్టనిలువు దిశ అంటే ఇక్కడ వాయవ్యానికి 30 డిగ్రీల వాలు. బోరు దానివైపే లాగుతుంది. 60తో మొదలైన వాలు 57, 53 అంటూ తగ్గుతూ బోరు పైకి లేస్తుంది. క్యాంపుల్లో దీన్నే 'లిఫ్ట్ అవుతోంది' అంటారు. ఇది డ్రిల్లర్ తప్పు కాదు, రాయి గుణం. దాన్ని ముందే లెక్కలోకి తీసుకుని 63, 64తో మొదలుపెట్టించకపోతే మాత్రం ప్లాన్ వేసినవాళ్ల తప్పే.

ఇక్కడి ఇంకో రాయి చార్నొకైట్ మరింత ఏకరీతిగా ఉంటుంది. అందులో బోరు తక్కువగా వంగుతుంది, బిట్లు మాత్రం ఎక్కువ అరుగుతాయి.

ఒకటి రెండు డిగ్రీలకు ఇంత గొడవ అవసరమా?

లెక్క చూడండి. ప్రతి 30 మీటర్లకు 1 డిగ్రీ చొప్పున ఒకే వైపు వంగితే, 300 మీటర్ల దగ్గర బోరు అనుకున్న గీత నుంచి 26 మీటర్లు పక్కన ఉంటుంది. 600 మీటర్ల దగ్గర 104 మీటర్లు. లోతు రెట్టింపయితే తప్పు నాలుగింతలవుతుంది. ఖనిజం పొర 5 మీటర్ల మందం ఉన్నప్పుడు, బోర్ల మధ్య దూరం 50 మీటర్లే ఉన్నప్పుడు, 104 మీటర్లంటే మీరు పక్కవాళ్ల బోరును కూడా దాటేశారన్నమాట. నిల్వల లెక్కంతా తారుమారవుతుంది.

రిగ్గు నిలబెట్టేటప్పుడు ఏమేం చూడాలి?

ఎక్కువ తప్పులు ఇక్కడే పుడతాయి. ఖర్చు లేకుండా సరిదిద్దుకోగలిగేదీ ఇక్కడే.

బోరు పాయింట్‌కి ముందు ఒకటి, వెనక ఒకటి, 20 మీటర్లకు తక్కువ కాని దూరంలో దిశ మేకులు కొట్టాలి. దగ్గరగా కొడితే తప్పు పెద్దదవుతుంది. 5 మీటర్ల దూరంలో కొట్టిన మేకు 10 సెం.మీ. పక్కకు పడితే 1.1 డిగ్రీ తేడా వస్తుంది. 20 మీటర్ల దగ్గర అదే 10 సెం.మీ.కి 0.3 డిగ్రీయే. మేకులు సర్వే పరికరంతో పెట్టించండి, చేతి కంపాస్‌తో వద్దు. చేతి కంపాస్ తప్పనిసరైతే రిగ్గు రాకముందే పెట్టండి. రిగ్గు ఇనుము పక్కనుంటే ముల్లు మాట నమ్మలేం.

రిగ్గు కాళ్ల కింద నేల గట్టిగా ఉండాలి. మాగిన ఖొండలైట్ మీద, లాటరైట్ మట్టి మీద, అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు పడ్డాక జాకీలు దిగిపోతాయి. 3 మీటర్ల దూరంలో ఉన్న రెండు కాళ్లలో ఒకటి 2 సెం.మీ. దిగితే మాస్టు (రిగ్గు స్తంభం) 0.4 డిగ్రీ ఒరుగుతుంది. మందపాటి చెక్క దిమ్మలు వేయండి. ప్రతి షిఫ్ట్ మొదట్లోనూ, వాన వెలిశాకా మళ్లీ కొలవండి.

వాలు కొలిచే క్లినోమీటర్‌ని మాస్టు మీద పెట్టి సరిపెట్టుకోవద్దు. చక్‌లో (రాడ్‌ని పట్టి తిప్పే భాగం) బిగించిన రాడ్ మీద పెట్టండి. ఒకసారి చూసి, అటూ ఇటూ తిప్పి మళ్లీ చూడండి. రెండు అంకెలూ తేడాగా వస్తే క్లినోమీటర్‌ని ముందు సరిచేయాలి.

ఆ తర్వాత కేసింగ్, అంటే బోరు పైభాగం కూలకుండా దించే గొట్టం. మట్టి, మాగిన రాయి దాటి గట్టి రాతిలోకి కనీసం 2, 3 మీటర్లు దించి, సిమెంట్ పట్టించాలి. వదులుగా ఊగే కేసింగ్‌లోంచి దిగిన రాడ్లు ఆ ఊపుతోనే బోరును మొదలుపెడతాయి.

వంపు తక్కువగా ఉండాలంటే కింద ఏం బిగించాలి?

పొడవుగా, నిండుగా, గట్టిగా ఉన్నవి. 3 మీటర్ల బ్యారెల్‌కి బదులు 6 మీటర్లది వాడితే అదే సందులో ఒరిగే కోణం సగమవుతుంది. బయటి గొట్టం మామూలుది కాకుండా బోరు వ్యాసానికి దగ్గరగా ఉండే ఫుల్ హోల్ రకం, లేదా ఆరు పలకల గొట్టం వాడండి. నీళ్లు పైకి రావడానికి పలకల మధ్య దారి ఉంటుంది. బ్యారెల్‌కి ముందొకటి, వెనకొకటి రీమింగ్ షెల్ (బోరు వ్యాసం తగ్గకుండా కోసే వజ్రాల పట్టీ) పెట్టండి. ముందుది ఒక్కటే ఉంటే వెనక భాగం ఊగుతుంది.

రీమింగ్ షెల్‌ని గేజ్ రింగుతో ప్రతి ట్రిప్‌కీ, అంటే రాడ్లు బయటికి తీసిన ప్రతిసారీ, కొలవండి. అది అరిగిపోయాక అలాగే నడిపిస్తే బోరు సన్నబడుతుంది. తర్వాత దించిన కొత్త షెల్ మధ్యలో బిగుసుకుంటుంది.

వీలైనంత లోతు వరకు హెచ్‌క్యూలోనే ఉండండి. గట్టి, లావు గొట్టం తక్కువ వంగుతుంది. ఎన్‌క్యూకి దిగాక హెచ్‌క్యూ రాడ్లను కేసింగ్‌లా లోపలే వదిలేస్తే పైభాగంలో రాడ్లు కొట్టుకోవు.

బిట్ మీద బరువు ఎంత పెట్టాలి? వేగం ఎంత?

ఎన్‌క్యూకి సాధారణంగా 1.4 నుంచి 2.3 టన్నుల మధ్య. గట్టి రాతిలో పైవైపు, మెత్తని రాతిలో కిందివైపు.

ఇక్కడ చాలామంది మరచిపోయే లెక్క ఒకటుంది. ఎన్‌క్యూ రాడ్ బరువు మీటరుకు 7.8 కిలోలు. నిలువు బోరులో 800 మీటర్ల రాడ్లంటే 6.2 టన్నులు, నీళ్లలో తేలిక పోను 5.4 టన్నులు. బిట్‌కి కావలసింది 2 టన్నులు. అంటే మిగతా 3.4 టన్నులను రిగ్గు పైకి పట్టి ఉంచాలి. 300 మీటర్ల దగ్గర్లోనే రాడ్ల బరువు బిట్‌కి సరిపోతుంది. అక్కడి నుంచి 'తోయడం' ఆపి 'పట్టడం' మొదలుపెట్టాలి. పట్టకుండా వదిలేస్తే కింది రాడ్లు విల్లులా వంగి, బిట్ మొహాన్ని పక్కకు తిప్పేస్తాయి.

వేగాన్ని ఒక సెంటీమీటరుకు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి చూడండి. 80 నుంచి 100 మధ్య ఉంటే బిట్ బాగా కోస్తున్నట్టు. 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) మీద నిమిషానికి 8 నుంచి 10 సెం.మీ. దిగాలి. 100 దాటుతోందంటే బిట్ నునుపెక్కిపోయింది. అప్పుడు డ్రిల్లర్లు సహజంగా చేసేది బరువు పెంచడం. వంపు తెచ్చిపెట్టేవాటిలో ఇంతకు మించింది లేదు. బిట్‌ని పదును పెట్టండి, లేదా మార్చండి. గట్టి రాతికి మెత్తని మ్యాట్రిక్స్ (వజ్రాలను పట్టి ఉంచే లోహం) బిట్, రాపిడి ఎక్కువున్న మెత్తని రాతికి గట్టి మ్యాట్రిక్స్ బిట్ కావాలి. ఈ తిరగేసిన లెక్క కొత్తవాళ్లకు వెంటనే ఎక్కదు. మెత్తని మ్యాట్రిక్స్ త్వరగా అరిగితేనే కొత్త వజ్రాలు బయటపడతాయి.

సర్వే (బోరు దిశ, వాలు కొలవడం) ఎన్ని మీటర్లకోసారి చేయాలి?

మొదటిది 12, 15 మీటర్ల దగ్గర, రెండోది 30 దగ్గర, తర్వాత ప్రతి 30 మీటర్లకు. రాయి మారినా, రాడ్ల తిరుగుడు బరువెక్కినా, కోర్‌లో చారల కోణం 10 డిగ్రీలకు మించి మారినా 30 కోసం ఎదురుచూడకుండా మధ్యలోనే చేయండి. బోరు పూర్తయ్యాక కింది నుంచి పైకి 5, 10 మీటర్లకోసారి కొలుస్తూ మొత్తం సర్వే ఒకటి తప్పనిసరి.

రెండు కొలతల మధ్య తేడా 30 మీటర్లకు 1 డిగ్రీ దాటితే ముందు మళ్లీ కొలవండి. రెండోసారీ అదే వస్తే డ్రిల్లింగ్ ఆపి జియాలజిస్ట్‌తో మాట్లాడండి. ఒక రాత్రి షిఫ్ట్‌లో ఇంకో 30 మీటర్లు దించేశాక మాట్లాడితే ప్రయోజనం లేదు.

కంపాస్ టూల్ చాలా, గైరో కావాలా?

కంపాస్ టూల్ చౌక, సులువు. కానీ దానికి చుట్టూ ఇనుము ఉండకూడదు. రాడ్ల లోపల అది పనిచేయదు. రాడ్లను కొన్ని మీటర్లు పైకి లాగి, అల్యూమినియం రాడ్ల చివర టూల్‌ని బిట్ దాటించి బయటికి దించాలి. చార్నొకైట్‌లో, కొన్ని గ్రానైట్ జాతి రాళ్లలో మాగ్నెటైట్ ఉంటుంది. ఇనుప ఖనిజం సంగతి సరేసరి. అక్కడ ముల్లు రాయి మాట వింటుంది.

కంపాస్ రీడింగ్ నమ్మొచ్చా లేదా అన్నది టూలే చెబుతుంది. దిశతోపాటు అది అయస్కాంత బలాన్ని కూడా చూపిస్తుంది. విశాఖ ప్రాంతంలో భూమి అయస్కాంత బలం 43 వేల నానోటెస్లాకు అటూ ఇటూ, దాని వాలు సుమారు 22 డిగ్రీలు. టూల్ చూపే బలం వెయ్యికి మించి తేడాగా ఉంటే ఆ దిశను కొట్టేయండి. బోరు వాలు అంకె మాత్రం పనికొస్తుంది. అది గురుత్వాకర్షణతో కొలిచింది, అయస్కాంతంతో సంబంధం లేదు.

గైరో అంటే తిరుగుడును పట్టి దిశ చెప్పే పరికరం. దానికి ఇనుముతో పేచీ లేదు, రాడ్ల లోపలే దించొచ్చు. ఇందులో రెండు రకాలు. ఒకటి బోరు మొదట్లో మీరిచ్చిన దిశను గుర్తుపెట్టుకుని, దాని నుంచి మార్పును కొలుస్తుంది. మొదట తప్పు దిశ ఇస్తే చివరిదాకా అదే తప్పు. రెండోది భూమి తిరుగుడును పట్టి ఉత్తరాన్ని తనే కనుక్కుంటుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అందులో ఉత్తరాన్ని చూపించే భాగం విశాఖ అక్షాంశం దగ్గర గంటకు 14.3 డిగ్రీలు. ధ్రువాల వైపు పోయేకొద్దీ ఇది తగ్గుతుంది. కాబట్టి ఈ రకం గైరోకి మన ప్రాంతం అనుకూలమైనది.

గైరో దించేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు ఒకసారి చదవండి. రెండూ సరిపోలాలి. టూల్‌ని ఫుట్ క్లాంప్ (బోరు మొదట్లో రాడ్లను పట్టే బిగింపు) మీద దభాలున పడనివ్వద్దు. వారానికోసారి కదలని స్టాండులో, తెలిసిన దిశలో పెట్టి పరీక్షించి, ఆ అంకె రాసిపెట్టండి.

ఉత్తరం అంటే ఏ ఉత్తరం?

మూడున్నాయి. అసలు ఉత్తరం, అయస్కాంత ఉత్తరం, మ్యాపు గ్రిడ్ ఉత్తరం. విశాఖ యూటీఎం అనే మ్యాపు గ్రిడ్‌లో 44వ జోన్‌లో ఉంది. ఆ జోన్ మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, విశాఖ 83.3 దగ్గర. కాబట్టి ఇక్కడ గ్రిడ్ ఉత్తరం అసలు ఉత్తరానికి సుమారు 0.7 డిగ్రీ తూర్పుగా ఉంటుంది. అయస్కాంత ఉత్తరం ఒక డిగ్రీలోపే, కానీ పడమరగా. రెండూ ఎదురెదురు వైపులు కావడంతో తేడా కలిసి ఒక డిగ్రీ దాటుతుంది.

గైరో ఇచ్చేది అసలు ఉత్తరం. జియాలజిస్ట్ మ్యాపు మీద గీసింది గ్రిడ్ ఉత్తరం. 60 డిగ్రీల వాలుతో 1,000 మీటర్లు పోయే బోరు అడ్డంగా 500 మీటర్లు వెళ్తుంది. ఆ 0.7 డిగ్రీని మరచిపోతే చివర 6 మీటర్లు తప్పుతుంది. సర్వే కాగితం మీద అంకె పక్కనే ఏ ఉత్తరమో రాయండి. రాయని కాగితాన్ని తీసుకోవద్దు.

దారి తప్పిందని తేలింది. ఇప్పుడేం చేయాలి?

ముందు తేలికైనవి. బరువు తగ్గించండి, బిట్ మార్చండి, బ్యారెల్ పొడవు పెంచండి. బోరు పైకి లేస్తుంటే రీమింగ్ షెల్‌ని, స్టెబిలైజర్‌ని (బోరు గోడకు ఆనుతూ ఊగకుండా పట్టే గొట్టం) బిట్‌కి వెనక కొంత దూరంలో పెడితే కింది భాగం లోలకంలా వేలాడి బోరు కిందికి దిగుతుంది. బిట్ పక్కనే గట్టి స్టెబిలైజర్ పెట్టి వెనక సులువుగా వంగే రాడ్లు పెడితే బోరు లేస్తుంది. ఇవి వాలును మారుస్తాయి, దిశను పెద్దగా మార్చలేవు.

వీటితో కాకపోతే వెడ్జ్, మోటారు, స్టీరబుల్ బ్యారెల్ అనే మూడు దారులు మిగిలి ఉంటాయి.

వెడ్జ్ ఎలా దించుతారు?

వెడ్జ్ అంటే ఒక వైపు వాలుగా చెక్కిన ఉక్కు కడ్డీ. దాని మీద జారిన బిట్ 1.5 నుంచి 2 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది.

కోర్ చూసి పగుళ్లు లేని గట్టి రాతిని ఎంచుకోవాలి. పగిలిన రాతిలో వెడ్జ్ నిలవదు. ఆ లోతు కింద ప్లగ్ బిగించి, అది కదలకుండా ఉందని రాడ్ బరువు పెట్టి చూడాలి. వెడ్జ్‌ని రాడ్లకు షియర్ పిన్నుతో (బరువు పెడితే తెగే పిన్ను) తగిలించి దించి, గైరోతో దాని మొహం ఏ వైపుందో చూసి, పైనుంచి తిప్పి సరిపెట్టాలి. తిప్పాక రాడ్లను కొన్నిసార్లు పైకీ కిందికీ ఆడించండి, పట్టిన మెలి విడిపోతుంది. ఆ తర్వాత మళ్లీ కొలవండి. ఈ మెలి విడిపించకుండా బిగించేసిన వెడ్జ్‌లే ఎక్కువగా తప్పు వైపు చూస్తాయి. తర్వాత బరువు పెట్టి పిన్ను తెంచి, వెడ్జ్ మీద చిన్న బిట్‌తో, తక్కువ బరువుతో, నెమ్మదిగా మొదలుపెట్టి, దారి పడ్డాక అసలు సైజుకి రీమ్ చేయాలి, అంటే వెడల్పు చేయాలి. 6 మీటర్ల దగ్గర ఒకసారి, 15 దగ్గర ఒకసారి కొలవండి.

వెడ్జ్ బదులు సిమెంట్ పోసి పక్కకు కోయలేమా?

మన రాళ్లలో కుదరదు. సిమెంట్ ఖొండలైట్, చార్నొకైట్‌ల కంటే మెత్తన. బిట్ మెత్తగా ఉన్న పాత దారినే పట్టుకుని దిగిపోతుంది.

మోటారుకి, స్టీరబుల్ బ్యారెల్‌కి తేడా ఏమిటి?

మోటారులో రాడ్లు తిరగవు. పంపు తోసే నీళ్లతో కింద బిట్ ఒక్కటే తిరుగుతుంది. మోటారు వెనక కొద్దిగా వంచిన ముక్క ఎటు చూస్తే అటు కోస్తుంది. ఆ ముక్క దిశను బోరు పైవైపును సున్నాగా పెట్టుకుని చెబుతారు. 90 అంటే కుడి, 180 అంటే కింద. పూర్తిగా నిలువు బోరులో పైవైపు అనేదే ఉండదు కాబట్టి అక్కడ గైరో దిశనే వాడాలి. బిట్ కుడికి తిరుగుతుంటే రాడ్లు ఎడమకు మెలిపడతాయి. ఆ మెలి లెక్కేసి మొహాన్ని ముందే కాస్త కుడికి పెట్టాలి. లోతు పెరిగేకొద్దీ మెలి కూడా పెరుగుతుంది.

మోటారుతో వచ్చే పెద్ద నష్టం కోర్ రాకపోవడం. వంచిన భాగమంతా రాయి పొడిగానే వస్తుంది. ఖనిజం పొర దగ్గర పడుతుంటే మోటారు దించొద్దు.

స్టీరబుల్ వైర్‌లైన్ బ్యారెల్‌ని నార్వేలో రూపొందించారు. ఎన్‌క్యూ బోరులో వంచుతూనే కోర్ తీస్తుంది. కోర్ సన్నం, 30 మి.మీ.కి కాస్త పైన ఉంటుంది. అద్దె ఎక్కువ, నడపడానికి తెలిసిన మనిషి కావాలి. లోతైన బోరు అయితే, టార్గెట్ చిన్నదైతే ఆ ఖర్చు తిరిగొస్తుంది.

తల్లి బోరు, పిల్ల బోరు అంటారు, అదేమిటి?

ఒకే బోరు నుంచి కింద కొమ్మలు తీయడం. 1,000 మీటర్ల లోతున పక్కపక్కన నాలుగు చోట్ల ఖనిజాన్ని కోయాలంటే నాలుగు బోర్లకు 4,000 మీటర్లు డ్రిల్ చేయాలి. ఒక తల్లి బోరు వేసి 600 మీటర్ల దగ్గర మూడు కొమ్మలు తీస్తే 1,000కి మూడు 400లు కలిపి 2,200 మీటర్లే. అడవిలో రిగ్గు జరపాల్సిన పని, కొత్త దారి కొట్టాల్సిన పని కూడా తప్పుతాయి.

కొమ్మలను కింది నుంచి పైకి తీయాలి. పై కొమ్మలో ముందు వెడ్జ్ బిగిస్తే కిందికి దారి మూసుకుపోతుంది.

వంచిన బోరులో రాడ్లు విరుగుతాయా?

విరుగుతాయి. చాలావరకు జాయింట్ మరల దగ్గర. వంపులో తిరిగే ప్రతి చుట్టుకీ రాడ్ ఒకసారి అటు, ఒకసారి ఇటు వంగుతుంది. 800 ఆర్‌పీఎం మీద గంటకు 48,000 సార్లు. వంపును 30 మీటర్లకు 5, 6 డిగ్రీల దగ్గరే ఆపండి. ఆ వంపు దాటిన రాడ్లను ప్రతి ట్రిప్‌లో చోటు మార్చండి, లేకపోతే అవే రాడ్లు వంపులో నలుగుతుంటాయి. బయటికి తీసినప్పుడు రాడ్ మీద వేలు పెట్టి చుట్టూ తిప్పండి. ఒక వైపు అద్దంలా నునుపుగా, రెండో వైపు గరుకుగా ఉంటే ఆ రాడ్ వంగి ఉంది, పక్కన పెట్టండి. చుట్టూ నునుపుగా ఉంటే ఆ లోతులో బోరు గోడకు రాసుకుంటోంది. రాడ్ నంబరు, లోతు రాసుకుని తర్వాతి సర్వేలో అక్కడ 3 మీటర్లకోసారి కొలవండి.